దేవసహాయం రెండో సంసారం

ఆ ఉదయం దేవసహాయం పెట్టుకున్న పనులు రెండే. నంద్యాలలో మిస్త్రీ దగ్గర బస్సు బ్రేకు సరిచేయించుకోవడం ఒకటి, భార్య కృపావతికి చెప్పులు కొనడం ఒకటి. కృపావతి చెప్పులు తెగి నెల దాటింది. ఆళ్లగడ్డ వీధుల్లో వట్టికాళ్లతోనే బడికి పోయి పాఠాలు చెప్పి వస్తున్నది. బ్రేకు సంగతి చెప్పుల కంటే పాతది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నడిచే ఆ బస్సు, యుద్ధం వచ్చాక పెట్రోలు మానేసి బొగ్గు మీద బతుకుతున్నది. వెనకాల పీపాయి లాంటి పొయ్యి బిగించి, బొగ్గు నింపి, విసరగా విసరగా అది రాజుకుంటే, అప్పుడు దగ్గుకుంటూ కదిలేది. హారనుకు ఉండే రబ్బరు బుడ్డి చిరిగిపోయింది. రబ్బరంతా యుద్ధానికి పోయింది కనుక కొత్తది దొరకదన్నాడు యజమాని గురుస్వామి. అందుకని దేవసహాయం కుడిచేయి బయటపెట్టి తలుపు రేకును దబదబ బాదుతూ పోయేవాడు. ఇక బ్రేకంటారా, తొక్కితే బస్సు ఆగేది. కాకపోతే తొక్కిన చోట కాదు.

"అన్నా, ఈ పొద్దు బ్రేకు మరీ మెత్తగుండాది. మిస్త్రీకి సూపిచ్చినాకనే జనాన్ని ఎక్కించుకుంటా" అన్నాడు దేవసహాయం.

"మిస్త్రీ యాడుండాడు? నంద్యాల్లో. నువ్వు యాడికి పోతాండావు? నంద్యాలకే గదా" అన్నాడు గురుస్వామి. "ఉత్త బస్సు తోలేకి నేనేమన్నా జమీందారునా? నిమ్మళంగా పో. ఇంకో మాట. జనాన్ని ఊరి బయట దింపొద్దు. బజారులోంచి పోయి అంగళ్ల ముందర దింపు. అప్పుడందరూ మన బస్సే ఎక్కుతారు."

"బజారులోనా? ఆడ మనిషి నడిసేకే సందు లేదు గదన్నా."

"బస్సును సూస్తే వాళ్లే ఇస్తారు సందు."

దేవసహాయం పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తర్వాత అతన్ని చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు గాని, ఆ పొద్దు ఎందుకు కూర్చున్నావని అడిగిన మనిషి ఒక్కరే.

నంద్యాల బజారు ఎవరో కట్టించినప్పుడు వెడల్పుగానే కట్టించి ఉంటారు. ఆ తర్వాత ఒక్కొక్క అంగడి ఒక్కొక్క అడుగు ముందుకు వేసింది. ఇత్తడి పాత్రల సాహుకారి బిందెలు అరుగు దిగి, కాలువ దాటి, వీధిలోకి వచ్చి నిలువెత్తున కూర్చున్నాయి. ఎదురుగా గుడ్డల అంగడివాడు బల్లలు వేశాడు. ఆ పక్కన ఎర్రగడ్డల గుట్టలు, ఆ పక్కన విప్పిన ఎద్దుల బండ్లు. ఇవన్నీ పోగా నడుమ మిగిలిన దారిలో మనుషులు నడవాలి, గుర్రపు బండ్లు పోవాలి, ఇప్పుడు గురుస్వామి బస్సు కూడా పోవాలి.

రంగమ్మ ఆ నడుమ దారిలోనే పోతున్నది. బనగానపల్లె తోటల నుంచి మామిడిపండ్లు తెచ్చి ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. నెత్తిన గంప ఉన్నందువల్ల మెడ తిప్పి వెనక్కి చూసే వీలు లేదు. వెనకనుంచి దేవసహాయం రేకు బాదాడు. అరిచాడు. బ్రేకు తొక్కాడు. బస్సు తన మామూలు ప్రకారం కొంచెం ముందుకుపోయి, రంగమ్మను పడగొట్టి, పక్కనున్న బిందెల్లో రెండింటిని నలగ్గొట్టి, అప్పుడు ఆగింది.

మామిడిపండ్లు బజారంతా దొర్లాయి. చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా కిందికి వంగారు. ఆమెను లేపడానికే వంగుతున్నారనుకున్నాడు దేవసహాయం. వాళ్లు పండ్లకు వంగారు.

అతను దూకి ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎడమకాలు మోకాలి కింద ఉండకూడని వైపుకు తిరిగి ఉన్నది. ఆమెను బస్సులో పడుకోబెట్టి, ఎక్కినవాళ్లను ఎక్కినట్టే పెట్టుకుని, ఆస్పత్రికి తోలాడు. "ఆస్పత్రికి టిక్కెట్టు తీసుకోలేదప్పా మేము" అని వెనకనుంచి ఒక పెద్దమనిషి దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు లోపల ఎవరికో కోత కోస్తున్నాడు. కాంపౌండరు వచ్చి చూశాడు. రంగమ్మకు నొప్పికి స్పృహ తప్పింది.

"ఎవురు కొట్టినారు ఈమెను?" అన్నాడు కాంపౌండరు.

"నేనే సార్ కొట్టినా" అన్నాడు దేవసహాయం.

కాంపౌండరు చేతిలో దూది ఆగిపోయింది. "నువ్వేనా? సిగ్గులేకుండా సెప్తాండావే! ఎందుకు కొట్టినావు?"

"నా తప్పే సార్. ఆపుకోలేకపోయినా."

"ఆపుకోలేకపోయినావా! ముందు గూడా ఇట్ల కొట్టినావా?"

"లేదు సార్. ఇదే మొదలు. ఎప్పుడో ఒగనాడు ఇట్లయితాదని నెల దినాల్నుంచీ అనుకుంటానే ఉంటి."

"ఓహో. ఆమె ఏం తప్పు జేసిందని?"

"ఆమె తప్పేం లేదు సార్. ఆమె పాటికి ఆమె గంప నెత్తిన పెట్టుకోని పండ్లమ్ముకుంటాండె."

"కష్టం జేసి నీకు తెచ్చిపెట్టేదాన్ని, నడిబజార్లో కాలిరగ్గొడితివి!" కాంపౌండరు కళ్లు ఎర్రబడ్డాయి. "ఏ ఊరు మీది?"

"నాది ఆళ్లగడ్డ సార్. ఆమెది యాడో నాకు తెల్దు."

"సూడు, సూడు! పెండ్లాం యాడుంటాదో గూడా తెల్దంట వీనికి!"

తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు కృష్ణస్వామికి సంగతి ముందే అర్థమైంది. గురుస్వామికి అక్క కొడుకు అతను. నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాడు. దేవసహాయానికి మాత్రం పెండ్లాం అన్న మాట చెవిన పడి, అది ఎవరి గురించో తెలుసుకునేలోపల, కాంపౌండరు ఆస్పత్రి ముందు కాపలా ఉండే పోలీసుకు అంతా చెప్పేశాడు. అబద్ధమన్నది ఒక్క ముక్క కూడా కలపలేదు. దేవసహాయం అన్న మాటలే వరసగా అప్పజెప్పాడు.

ఈ పొరపాటును తానే పోయి సరిచేయాలని దేవసహాయం నేరుగా పోలీసు ఠాణాకు నడిచాడు. ఎస్సై కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కాంపౌండరు చెప్పిన మాటలు అప్పటికే అతనికి చేరాయి.

"సార్, తప్పు పొయ్యింది. నేను ఆమెను చేత్తో కొట్టలేదు. బస్సుతో గుద్దినా" అన్నాడు దేవసహాయం.

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. "పెళ్లాన్ని బస్సుతో గుద్దావా?"

"పెండ్లాం కాదు సార్..."

"ఇప్పుడు కాదంటావు. నెల రోజుల నుంచీ అనుకుంటూనే ఉన్నావటగా? అంటే ముందే ఆలోచించుకుని, బస్సులో బొగ్గు పోసుకుని, ఆళ్లగడ్డ నుంచి పనిగట్టుకుని వచ్చి గుద్దావన్నమాట. చంపుదామనేగా?"

దేవసహాయం నిజం చెప్పడానికి మళ్లీ నోరు తెరిచాడు. అప్పటిదాకా చెప్పిన నిజాలు తనను ఎక్కడికి తెచ్చాయో చూసి మళ్లీ మూసుకున్నాడు. అతన్ని లోపల వేశారు.

ఈలోగా కృష్ణస్వామి బేతంచెర్ల బండలు ఎక్కించుకుని పోతున్న లారీ ఒకటి పట్టుకుని, బండల మీద కూర్చుని ఆళ్లగడ్డ చేరాడు. దిగీదిగగానే బస్సుల దగ్గర చేరిన జనానికి కథ చెప్పి కడుపుబ్బ నవ్వించాడు. ఆ కథ ఒక నోటినుంచి ఇంకో నోటికి పోయేటప్పుడు దారిలో ఎక్కడో నవ్వు రాలిపోయింది. కృపావతి బడి దగ్గరికి వచ్చేసరికి, దేవసహాయానికి నంద్యాలలో రెండో సంసారం ఉన్నదనీ, దాని కాలు విరగ్గొట్టి ఠాణాలో ఉన్నాడనీ మాత్రమే మిగిలింది.

నవ్వని వాడు ఇంకొకడు ఉన్నాడు. గురుస్వామి కథంతా విని, "పెండ్లాం అనుకున్నారా?" అని మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎవురో అనుకుంటే మనం యాల కాదనల్లప్పా?" అని లేచి, వకీలు లక్ష్మీనరసింహాన్ని వెంటబెట్టుకుని నంద్యాలకు బయలుదేరాడు.

వకీలు ఠాణాలో దేవసహాయానికి ఎంతో ఓపికగా నచ్చజెప్పాడు.

"విను నాయనా. ప్రమాదం అన్నామనుకో, బస్సును చూస్తారు. బస్సును చూస్తే బ్రేకును చూస్తారు. బ్రేకును చూస్తే పర్మిట్టు పోతుంది. కావాలనే గుద్దినావన్నామనుకో, నువ్వు పోతావు. అదే మొగుడూ పెండ్లాల కొట్లాట అన్నామనుకో, ఎవరికీ ఏమీ పోదు."

"ఆమెకు కాలు పాయ గద సామీ."

"అది ముందే పోయింది" అన్నాడు వకీలు.

ఎస్సై బజారుకు పోయి విచారించాడు. ఇత్తడి సాహుకారి నలిగిన బిందెలు రెండూ అప్పటికే లోపలి గదిలో గోతాం కిందికి చేరాయి. బస్సు సంగతి వస్తే బిందెల సంగతి వస్తుంది, బిందెల సంగతి వస్తే అవి వీధిలో ఎందుకున్నాయన్న సంగతి వస్తుంది. "బస్సా? ఏ బస్సు సార్? నేను బస్సే సూడలేదు. మొగుడూ పెండ్లాలు అరుసుకుంటాంటే ఇన్నా" అన్నాడు. గుడ్డల అంగడివాడు ఆమె అతని జుట్టు పట్టుకోగా చూశానన్నాడు. పండ్లు ఏరుకున్నవాళ్లకు బస్సును చూశామంటే పండ్లనూ చూశామనవలసి వస్తుంది. సాయంత్రానికి ఆ బజారులో బస్సును చూసిన మనిషి ఒక్కడూ మిగల్లేదు.

మర్నాడు కృపావతి వచ్చింది. మొదట ఆస్పత్రికి పోయి, స్పృహ వచ్చిన రంగమ్మ పక్కన కూర్చుని అంతా విన్నది. తర్వాత ఠాణాకు వచ్చింది. ఊచల అవతల దేవసహాయం ఏడుపు ముఖంతో లేచి నిలబడ్డాడు.

"కృపా, దేవుని తోడు, ఆమె ఎవురో నాకు తెల్దు."

"తెలుసులే" అన్నది కృపావతి. "ఒగ పెండ్లానికి చెప్పులు తెచ్చేకే నెల పట్టినోడివి. నీకు రెండో సంసారం పెట్టే తెలివి యాడిది?"

ఆ రెండు రోజుల్లో అతన్ని నమ్మిన మాట అదొక్కటే. దేవసహాయానికి ప్రాణం లేచివచ్చింది. కాని ఆమె ఇంకా పోలేదు.

"బ్రేకు పడదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ యాల కూసుంటివి ఆ బస్సులో?"

అతను తల వంచుకున్నాడు. "గురుస్వామన్న పొమ్మనె."

"బ్రేకు మీదుండేది గురుస్వామన్న కాలు కాదు గదా" అన్నది కృపావతి.

 ఆ మాటకు జవాబు కోసం దేవసహాయం తర్వాత చాలా కాలం వెతికాడు.

మధ్యాహ్నం రంగమ్మ మంచం చుట్టూ పెద్దమనుషులు చేరారు. ఎస్సై, వకీలు, గురుస్వామి, ఇత్తడి సాహుకారు. పోలీసు పక్కన దేవసహాయం. తలుపు దగ్గర కృపావతి.

"చూడమ్మా, ఇతను నీ భర్తేనా?" అని అడిగాడు ఎస్సై.

రంగమ్మ దేవసహాయాన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నా మొగుడు సచ్చి శానా ఏండ్లాయ. ఈయప్ప ఎవురు?"

"మరి నిన్ను కొట్టింది ఎవరు?"

"బస్సు."

ఆ మాట అక్కడ ఎవరికీ నచ్చలేదు. "బస్సే అయితే నువ్వు నడివీధిలో ఎందుకు నడుస్తున్నావు?" అన్నాడు ఎస్సై.

"పక్కన నడుద్దామంటే ఇదో, ఈ సాహుకారి బిందెలుండె. బిందెల మీద నడవల్లనా?"

సాహుకారికి దగ్గు వచ్చింది.

"వెనకాల బస్సు వస్తుంటే వినపడలేదా?"

"దబదబమని ఇనపడె. బిందెల సొట్టలు తీస్తాండారనుకుంటి."

వకీలు మంచం మీదికి వంగి మెల్లగా అందుకున్నాడు. "రంగమ్మా, నీ మేలు కోరి చెబుతున్నా. బస్సే అని నువ్వంటే, రాకపోకలకు అడ్డంగా నడిచినందుకు కేసు నీ మీద కూడా పెడతారు. ఈ కాలుతో కోర్టుకు తిరగాలి. అదే మొగుడని ఒక్క మాటన్నావంటే, హాయిగా ఇంటికి పోవచ్చు."

"ఎవురింటికి?" అన్నది రంగమ్మ.

 ఇంత తెలివైనవాళ్లు నలుగురు రెండు రోజులు ఆలోచించినా, ఆ సంగతి వాళ్ల ఆలోచనలోకే రాలేదు.

రంగమ్మ వెదురుబద్దలు కట్టిన కాలివంక చూసుకున్నది. "మా తమ్ముని పెండ్లాం నన్ను వాకిట్లోకే రానీదు. ఒంటి కాలుదానికి మామిడి తోటోళ్లు గంప ఎత్తరు. నా పండ్లు బజారోళ్లు తినిరి. నన్ను గుద్దిన బస్సును ఎవురూ సూడకపాయిరి." కళ్లు తుడుచుకుని, గొంతు పెంచింది. "సరే. మొగుడే అనుకోండి. మొగుడైతే నాకింత ముద్ద పెట్టల్ల. నా కాలు నేలకానేదాంకా సూసుకోవల్ల. ఇంతమంది ముందర సెప్తాండా. ఈయప్పే నా మొగుడు!"

ఎస్సై హమ్మయ్య అని టోపీ పెట్టుకున్నాడు. గురుస్వామి వకీలు భుజం తట్టాడు.

"కాదు సార్!" దేవసహాయం ముందుకు ఉరికాడు. "నేను గుద్దినా సార్. బ్రేకు పడదని తెలిసే తోలినా. నా మీదనే కేసు పెట్టండి సార్, మీకు దండం పెడతా."

"భార్యే ఒప్పుకున్నాక నీ ఒప్పుకోలు ఎవడిక్కావాలయ్యా?" అన్నాడు ఎస్సై.

అప్పుడు కృపావతి లోపలికి వచ్చింది. రంగమ్మ చెయ్యి పట్టుకున్నది. "సూడమ్మా, ఈయన నీకు మొగుడు కాదు. నీ కాలిరగ్గొట్టినోడు. ముద్ద పెట్టాల్సింది గూడా అందుకే. మా ఇంటికి పోదాం పా."

"మొదటి రెండు మాటలూ మేము వినలేదు" అన్నాడు ఎస్సై గబగబా. "ఇంటికి పోదామన్నది మాత్రం విన్నాం."

కేసు లేదని దేవసహాయాన్ని వదిలేశారు. రంగమ్మ కాలికి గడ్డి పరిచిన ఎద్దుల బండి మాట్లాడుకుని ముగ్గురూ ఆళ్లగడ్డ చేరారు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. దేవసహాయం రెండో పెండ్లాన్ని బండెక్కించి తెచ్చాడనీ, మొదటి పెండ్లామే దించుకుంటున్నదనీ చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. ఆదివారం గుడిలో పాదిరిగారు దేవసహాయాన్ని పక్కకు పిలిచి, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు బల్ల దగ్గరికి కొంతకాలం రావద్దన్నారు. కృపావతి పోయి జరిగినదంతా చెప్పింది. పాదిరిగారు జాలిగా విని, "నీ మంచితనం నాకు తెల్దా అమ్మా? అయినా ఆమె తన నోటితో ఒప్పుకొనిందంట గదా" అన్నారు.

దేవసహాయం మళ్లీ పనికి పోయాడు. గురుస్వామి ఎంతో నొచ్చుకుంటూ తల అడ్డంగా తిప్పాడు.

"ఏమనుకోవద్దప్పా. ఇద్దరు పెండ్లాల్ను పెట్టుకోని, ఒగదాని కాలిరగ్గొట్టినోడు తోలితే, ఆడోళ్లు మన బస్సెక్కుతారా? నువ్వే సెప్పు."

"అది నువ్వు కట్టిచ్చిన మాటే గదన్నా!"

"ఎవురు కట్టిస్తేనేం, ఊరంతా నమ్మింది గదా" అన్నాడు గురుస్వామి. ఆ రోజు నుంచి బస్సును కృష్ణస్వామి తోలాడు. కండక్టరుగా ఉన్నప్పుడే తోలడం కొంచెం కొంచెం నేర్చుకున్నాడు. బ్రేకు మాత్రం అట్లాగే ఉన్నది.

దేవసహాయం కూలికి బండి తోలుకుంటూ, సాయంత్రం వచ్చి రంగమ్మ కాలికి ఆముదం రాసేవాడు. ఆమె నోరు మంచిది కాదు. "ఏమప్పా మొగుడా, బేగా రాయి, సలి పెడతాండాది" అని వీధికి వినపడేటట్టు అరిచేది. కృపావతి నవ్వేది. అతనికి నవ్వు వచ్చేది కాదు. ఒకనాడు మాత్రం రంగమ్మ గొంతు తగ్గించి అన్నది: "ఆ బజారంతట్లో గుద్దినా అని ఒప్పుకొన్నోడివి నువ్వొక్కడివేనప్పా. నువ్వు గూడా నోరు మూసుకోని తోలుకోని పోయింటే, నీ సంసారం నీకుండేది."

దేవసహాయం నూనె గిన్నె కింద పెట్టాడు. ఆ సంగతి అతను ఎన్నోసార్లు అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసింది.

వానలు పడ్డాక, కాలు చూపించడానికి రంగమ్మను నంద్యాలకు తీసుకుపోయాడు. ఆమె ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని నడుస్తున్నది. బజారులో ఏదో జరగరానిది జరిగిందనీ, అది మళ్లీ జరగకుండా చూడవలసిన బాధ్యత తమమీద ఉన్నదనీ అంగళ్ల పెద్దలు అందరూ కూడి తీర్మానించి, సొంత ఖర్చుతో ఒక బోర్డు చేయించి నాటించారు. అంగళ్ల ముందు ఎక్కడా చోటు దొరక్క, మనుషులు నడవడానికి మిగిలిన ఆ కాస్త జాగాలో పాతించారు. దాన్ని తప్పించుకోవడానికి దేవసహాయం రంగమ్మను నడివీధిలోకి దించవలసి వచ్చింది.

"ఏం రాసినారప్పా దాని మీద?" అని అడిగింది రంగమ్మ.

దేవసహాయం అటూ ఇటూ బండ్లను చూసుకుంటూ, చదివి చెప్పాడు.

"భార్యాభర్తలు నడిబజారులో కొట్లాడుకోరాదు."